ఉల్లిపాయలు ఓడెక్కి వచ్చే ఊరు

మా చిన్నప్పుడు ఉల్లిపాయలు ఓడెక్కి వచ్చేవి. ఉల్లిపాయలే కాదు, బంగాళాదుంపలు, కందిపప్పు, సిమెంటు, సైకిల్ ట్యూబులు, పెళ్ళికూతురి పట్టుచీర, అన్నీ ఓడలోనే. నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కుటుంబంతో అండమాన్ టూర్ వెళ్ళొచ్చి ఫోన్లో ఫొటోలు చూపించారు. సముద్రం రంగు, జైలు, స్కూబా డైవింగ్, అన్నీ చెప్పి చివర్లో "కానీ అక్కడ మనుషులు ఎలా బతుకుతారండీ, ఏముంటుంది అక్కడ?" అన్నారు. ఇంతలో లిఫ్ట్ వచ్చేసింది, చెప్పడం కుదరలేదు. ఆ మాట మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా నాన్నది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. రెండెకరాల మెట్ట, ఐదుగురు అన్నదమ్ములు. అప్పటికే అండమాన్‌లో ఉన్న మేనమామ ఉత్తరం రాస్తే 1968లో మద్రాసు వెళ్ళి ఓడెక్కారు. "కాలాపానీకి ఎల్లినోడు తిరిగొస్తాడేటి" అని మా మామ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ తరానికి అండమాన్ అంటే జైలే మరి. అల్లూరి సీతారామరాజు మనుషుల్లో కొందరిని పంపింది అక్కడికే, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గారు ఉన్నదీ అక్కడే. నాన్న దిగేసరికి మాత్రం ఊరు వేరే ఊరైపోయింది. ప్రభుత్వం రోడ్లు వేస్తోంది, అడవి పనికి, ఓడరేవు పనికి మనుషులు కావాలి. మన శ్రీకాకుళం, విశాఖ వైపు జాలర్లు అప్పటికే జంగ్లీఘాట్‌లో వలలు ఆరేసుకుంటున్నారు.

నాన్నకి చాథం సా మిల్లులో పని దొరికింది. చాథం అంటే పోర్ట్ బ్లెయిర్ రేవులోనే ఉన్న చిన్న ద్వీపం, ఊరికీ దానికీ మధ్య ఒక వంతెన. 1883లో ఆంగ్లేయులు పెట్టిన మిల్లు అది. 1942లో జపాన్ వాళ్ళు వేసిన బాంబు గొయ్యి ఇప్పటికీ ఆవరణలో ఉంది, చిన్నప్పుడు దాని అంచున నిలబడి లోపలికి రాళ్ళు వేసేవాళ్ళం. అడవిలో ఏనుగులు దుంగల్ని లాగి ఒడ్డుకి చేరిస్తే, వాటిని తెప్పల్లా కట్టి సముద్రం మీద చాథం దాకా లాక్కొచ్చేవాళ్ళు. గర్జన్ దుంగలు, పడాక్ దుంగలు. పడాక్ కోస్తే లోపల ఎర్రగా, చూడ్డానికి కుంకుమ రాసినట్టుంటుంది. సాయంత్రం నాన్న ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల వెనక, చొక్కా జేబులో ఆ ఎర్ర రంపప్పొట్టు ఉండేది. అమ్మ ఆ చొక్కాని విడిగా బకెట్లో నానబెడితే నీళ్ళు ఎర్రగా తిరిగేవి. నా తెల్ల యూనిఫాం పొరపాటున అందులో పడిందంటే ఇక అంతే, ఆ నెలంతా నేను లేత గులాబీ రంగు జాకెట్టుతో బడికి వెళ్ళేదాన్ని.

మాకు కాలం తిరిగింది క్యాలెండర్‌తో కాదు, ఓడల ప్రోగ్రాంతో. ప్రభుత్వమే వేసే 'డైలీ టెలిగ్రామ్స్' అనే పేపర్లో ఏ ఓడ ఎప్పుడు మద్రాసులో బయల్దేరిందో, హాడో జెట్టీకి ఎప్పుడొస్తుందో ఉండేది, రేడియోలో కూడా చెప్పేవాళ్ళు. ఆ వార్తలప్పుడు ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. తుఫాను పట్టి ఓడ నాలుగు రోజులు ఆలస్యమైతే అబర్డీన్ బజార్లో ఉల్లిపాయ కనపడేది కాదు, కనపడినా కొనేలా ఉండేది కాదు. అమ్మ కొబ్బరి, చింతపండు వేసి కోనెం పులుసు ఉల్లి లేకుండానే చేసేసేది. చేపకి ఏనాడూ కరువు లేదు, జంగ్లీఘాట్ నుంచి మా దూరపు అత్త ఒకావిడ గంపతో వచ్చేది, బేరం అడిగితే కోప్పడేది, డబ్బులు మాత్రం నెలాఖరున తీసుకునేది. ఓడ వచ్చిందని తెలిసిన రోజు బజారుకి వెళ్ళడమంటే పండగే, కొత్త బంగాళాదుంపల గోనెసంచి వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు. అలాంటి చోట పెరిగితే ఏ వస్తువూ ఊరికే వచ్చినట్టు అనిపించదు. ఈరోజుకీ నేను వండిన కూర పారబొయ్యలేను.

విశాఖపట్నానికి నెలకొక ఓడ ఉంటే గొప్ప. పన్నెండు వందల కిలోమీటర్లు, దాదాపు మూడు రోజులు. మాది ఎప్పుడూ బంక్ క్లాసే. ఓడ అడుగున పెద్ద హాలు, రెండంతస్తుల ఇనుప మంచాలు, డీజిల్ వాసన, నిమ్మకాయలు, వాంతులు. మొదటి రోజంతా అమ్మ తల ఎత్తేది కాదు. నేనూ అన్నయ్యా మాత్రం డెక్ మీదే ఉండేవాళ్ళం. ఎగిరే చేపలు నీళ్ళలోంచి గుంపుగా లేచి, ఎవరో గుప్పెడు చిల్లర విసిరినట్టు మెరిసి మళ్ళీ పడిపోయేవి. నడి సముద్రంలో నీళ్ళు నిజంగానే నల్లగా ఉంటాయి, మా మామ్మ అన్న కాలాపానీ అదేనేమో అనుకునేదాన్ని. మూడో రోజు పొద్దున డాల్ఫిన్ నోస్ కొండ కనపడితే బంక్‌లో ఉన్నవాళ్ళంతా పైకి వచ్చేసేవాళ్ళు, అంతవరకు మంచం దిగని ముసలివాళ్ళు కూడా.

1983 ఎండాకాలం సెలవుల్లో అలాగే 'హర్షవర్ధన'లో వెళ్ళాం. అప్పుడు నాకు పదేళ్ళు. ఊళ్ళో ఎక్కడ చూసినా ఎన్టీఆర్ మాటే, గోడల మీద సైకిలు బొమ్మలే. మా పెదనాన్న కూతురు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి "మీకాడ ముక్కెమంత్రి ఎవులే?" అని అడిగింది. లేడన్నాను. "మరి ఎమ్మెల్యే?" లేడన్నాను. నా మాట ఎవరూ నమ్మలేదు, పిల్లలంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. రాత్రి నాన్నని అడిగితే అప్పుడు చెప్పారు. మనది యూనియన్ టెరిటరీ, 1956 నవంబర్ 1 నుంచి. అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజే అక్కడ మనదీ పుట్టింది. మనకి అసెంబ్లీ లేదు, ఢిల్లీ వాళ్ళే చూస్తారు. నిన్నమొన్నటి దాకా చీఫ్ కమిషనర్ ఉండేవారు, 1982లో ఆయన స్థానంలో లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. లోక్‌సభకి ఒక్క ఎంపీ. మొదట్లో ఆ ఒక్కడినీ ప్రభుత్వమే నియమించేది, మొదటాయన నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్. మనం ఓటేసి పంపడం మొదలైంది 1967 నుంచే. రాజ్యసభలో మన సీటు లేనే లేదు.

అప్పుడు అర్థమైంది ఎంతో చెప్పలేను గానీ, పెద్దయ్యాక ఆ మాటలే పట్టుకుని చాలా ఆలోచించాను. మా పాలన ఢిల్లీది, కోర్టు కలకత్తా హైకోర్టుది (దాని సర్క్యూట్ బెంచ్ పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుంటుంది), నా డిగ్రీ పాండిచ్చేరి యూనివర్సిటీది, కూరగాయలు మద్రాసువి. మేం 'గవర్నమెంటు' అని అనేవాళ్ళం కాదు, 'అడ్మినిస్ట్రేషన్' అనేవాళ్ళం. ఓడ నడిపేది అడ్మినిస్ట్రేషన్, బడి అడ్మినిస్ట్రేషన్, పేపరు అడ్మినిస్ట్రేషన్, మిల్లు కూడా అదే. మా వీధిలో పది ఇళ్ళుంటే ఏడిళ్ళలో జీతం అక్కడి నుంచే. పైనుంచి వచ్చే అధికారులు రెండు మూడేళ్ళుండి బదిలీ అయిపోయేవాళ్ళు. కొందరు చాలా మంచివాళ్ళు, మనసు పెట్టి పనిచేశారు. కానీ ఊరు వాళ్ళకి అర్థమయ్యేసరికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చేది. మాకేం కావాలో చెప్పుకోడానికి మాలో ఒకడు ఎన్నికై కూర్చునే సభ లేకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది. తర్వాత పంచాయతీలు, జిల్లా పరిషత్ వచ్చాయి. అవీ మంచివే, కానీ అసెంబ్లీ అసెంబ్లీయే కదా.

మా పక్కింటి నానీ 'లోకల్ బార్న్'. అంటే ఖైదీలుగా వచ్చి శిక్ష అయ్యాక అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడినవాళ్ళ సంతతి. వాళ్ళ తాత ఏ ఊరివాడో, నాయనమ్మ ఏ కులమో ఆవిడకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఊళ్ళో షాదీపూర్ అని ఒక పేటే ఉంది, ఆ పెళ్ళిళ్ళ పేరుతోనే. ఎదురింట్లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన బెంగాలీ కుటుంబం. మిల్లులో నాన్నతో పనిచేసే చాచా రాంచీ వైపు నుంచి అడవి పనికి తెచ్చిన కూలీల మనవడు. మలబారు మాప్పిళ్ళలు, తమిళులు, మాయాబందర్ వైపు బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు. అందరికీ కలిపి మా అండమాన్ హిందీ ఒకటి, అందులో ఆడ, మగ, వ్యాకరణం ఏదీ పట్టించుకోరు. 2011 జనాభా లెక్కల్లో ద్వీపాలన్నీ కలిపి మూడు లక్షల ఎనభై వేల మంది, అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగని రాయించుకున్నవాళ్ళే. ఈ సంగతి చెబితే హైదరాబాద్‌లో నమ్మేవాళ్ళు తక్కువ. నేను ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. మా టీచరమ్మ గుండ్రటి అక్షరాలు నా చేతిరాతలో ఇంకా ఉన్నాయి.

వాన సంగతి చెప్పాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఏదో ఒక రుతుపవనం మా మీదుగానే వెళ్తుంది, మూడు వేల మిల్లీమీటర్ల వాన. రేకుల కప్పు మీద ఆ చప్పుడు వింటూ పడుకుంటే అంతకంటే మంచి నిద్ర నాకు మళ్ళీ ఎక్కడా పట్టలేదు. వాన పడగానే జపాన్ వాళ్ళ కాలంలో వచ్చిన ఆఫ్రికా నత్తలు పిడికిలంత లావున గోడలెక్కేవి, పెరట్లో బొప్పాయి మొక్క బతకనిచ్చేవి కావు. ఇంత వాన కురిసినా ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళకి కటకట. నిటారు కొండలు, చిన్న వాగులు, పడిన నీరు పడినట్టే సముద్రంలోకి. ఊరికంతటికీ ధనికారి డ్యామే దిక్కు. కుళాయి రెండు మూడు రోజులకొకసారి వచ్చేది, అందుకే ప్రతి ఇంటి చూరుకీ సగానికి చీల్చిన పైపు, దాని కింద డ్రమ్ము. అడవి మాత్రం అంతటా ఉంది. మొత్తం భూమిలో నూటికి ఎనభై పాళ్ళకి పైగా అడవే. అందులో జరవాలనే ఆదివాసీలు ఉన్నారు, వాళ్ళ జోలికి వెళ్ళకూడదని 1956 నుంచే చట్టం ఉంది. మా నాన్న ఒకే ఒక్క మాట అనేవారు, "ఈ దుంగ వాళ్ళది, మనం కోసుకుంటున్నాం." జీతం తెచ్చే మిల్లు గురించి ఆయన ఇంకేం అనగలరు?

ఇంకొకటి, మా పొద్దు. తొంభై రెండు డిగ్రీల రేఖాంశం దాటి ఎక్కడో తూర్పున ఉన్నాం, గడియారం మాత్రం దేశమంతటిదే. ఎండాకాలంలో ఐదు కాకుండానే తెల్లారిపోతుంది, డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. ఐదు కొట్టగానే అమ్మ చేస్తున్న పని ఆపి, కాళ్ళు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, వాకిట్లో లైటు వేసేది. మేం ఎక్కడ ఆడుతున్నా ఆ లైటు చూసి ఇంటికి చేరాలి.

నాకు పెళ్ళయి విశాఖపట్నం వచ్చింది 1996లో. నాన్న పడాక్ చెక్కతో ఒక పీట చేయించి, దానికి ఫారెస్ట్ వాళ్ళ పర్మిట్ తీసుకుని మరీ ఓడెక్కించారు. అదే ఆఖరు అనుకోవచ్చు. 2002లో సుప్రీంకోర్టు ఆ ద్వీపాల కలప నరకడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది, మెయిన్‌ల్యాండ్‌కి కలప పంపకూడదంది. ప్లైవుడ్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చాథం మిల్లు ఉంది, కానీ స్థానిక అవసరాల మేరకే. ఆ తీర్పు సరైనదే, అడవి పోతే ఆ నీళ్ళూ, ఆ మట్టీ, ఆ మనుషులూ పోతారు. అయినా నాన్న తోటివాళ్ళ ఇళ్ళలో ఆ ఏడాది ఎలా గడిచిందో ఉత్తరాల్లో చదివాను కాబట్టి ఆ మాట అనడం నాకంత తేలిక కాదు.

2004 మార్చిలో నాన్న రిటైర్ అయ్యారు. అదే ఏడాది డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున ఆరున్నర ప్రాంతంలో భూమి కదిలింది, తర్వాత సముద్రం వచ్చింది. విశాఖపట్నంలో నేను టీవీ ముందు కూర్చుని మూడు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాను, గంట కూడా మోగలేదు. మూడో రోజు రాత్రి వేరే ఎవరి ఫోన్ నుంచో నాన్న గొంతు, "అందరం ఉన్నాం" అని. పోర్ట్ బ్లెయిర్ కొంతవరకు బయటపడింది. నికోబార్ మాత్రం దెబ్బతిన్నది మామూలుగా కాదు. కార్ నికోబార్, కచ్చాల్ ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. దక్షిణపు చిట్టచివర ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకి పైగా కుంగి లైట్‌హౌస్ మొదలు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో మా బెంగాలీ మాసీ వాళ్ళ వరిచేను ఉండేది. నేల కుంగి సముద్రపు నీరు లోపలికి వచ్చింది, మళ్ళీ వెనక్కి పోలేదు. తర్వాత వెళ్ళినప్పుడు చూశాను, గట్ల మధ్య ఆటుపోట్లు వస్తూ పోతూ, ఎండిపోయిన కొబ్బరి మోళ్ళు నిలబడి ఉన్నాయి. మాసీ పొలం సరిహద్దు వేలితో చూపించింది, నీళ్ళ మీద.

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలిది గ్రేట్ నికోబార్. వాళ్ళ నాన్న మన తెలుగాయనే, మాజీ సైనికుడు. 1969 నుంచి ప్రభుత్వం మాజీ సైనికుల్ని తీసుకెళ్ళి అక్కడ భూములిచ్చి స్థిరపరిచింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి క్యాంప్‌బెల్ బేకి ఐదు వందల కిలోమీటర్ల పైమాటే, సెలవులకి ఇంటికెళ్ళాలంటే ఆ పిల్ల పడవ కోసం రోజుల తరబడి హాస్టల్లో ఎదురుచూసేది. సునామీలో వాళ్ళ ఇల్లు, తోట పోయాయి, మనుషులు కొండెక్కి బతికారు. ఇప్పుడు ఆ ద్వీపంలోనే గలాథియా బేలో పెద్ద కంటైనర్ పోర్టు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కడతామంటున్నారు, నూట ముప్పై చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. పెద్ద సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు అది. అక్కడి అడవిలో షోంపెన్‌లనే ఆదివాసీలు ఉన్నారు. నా స్నేహితురాలు ఫోన్లో అంది, "రోడ్డు కావాలి, ఆసుపత్రి కావాలి, ఓడ టైంకి రావాలి. మేం అడిగింది అంతే." నాకూ అదే అనిపిస్తుంది.

మార్పులు రాలేదని కాదు. 2020లో మద్రాసు నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ బాగుపడింది, అంతకుముందు ఒక ఫొటో పంపాలంటే అరగంట పట్టేది. మెడికల్ కాలేజీ వచ్చింది. టూరిస్టులు బాగా పెరిగారు, దాని మీద బతికేవాళ్ళూ పెరిగారు. రాస్, నీల్, హేవ్‌లాక్ ద్వీపాల పేర్లు 2018లో మారాయి, 2024లో మా పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. ఇరవై రూపాయల పాత ఎర్ర నోటు వెనక కొబ్బరిచెట్ల బొమ్మ ఉండేది చూడండి, అది మా మౌంట్ హ్యారియట్ నుంచి కనపడే నార్త్ బే. ఆ కొండ పేరు కూడా ఇప్పుడు మౌంట్ మణిపూర్. పేరేదైనా నా నోటికి మాత్రం పాతవే వస్తాయి. ఆ నోటు ఒకటి పర్సులో దాచుకున్నాను, ఖర్చుపెట్టను.

నాన్న పోయి ఆరేళ్ళయింది. అమ్మ విశాఖపట్నంలో నా దగ్గరే ఉంటుంది. పడాక్ పీట వంటగదిలో ఉంది, అమ్మ దాని మీదే కూర్చుని కూరలు తరుగుతుంది, ఎప్పుడైనా కడిగితే ఇప్పటికీ లేతగా ఎరుపు దిగుతుంది. కిటికీలోంచి ఎండ ఇంకా నిలువునా పడుతూ ఉంటుంది, కింద పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, గోడ గడియారం ఐదు కొడుతుంది. అమ్మ కత్తిపీట పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, వెళ్ళి బాల్కనీ లైటు వేస్తుంది.